రెండు పచ్చలు

నా ఉద్యోగంలో ఆఖరి బదిలీ వెంకటాచలానికి. కరోనా రావడానికి ముందు సంవత్సరం, ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు ఉత్తర్వు చేతికందింది. హోదా టెక్నికల్ ఆఫీసర్, అద్దకం విభాగం. కొన్ని చేనేత సంఘాలు కలిసి హైవే పక్కన నడుపుకుంటున్న చిన్న అద్దకం కేంద్రం అది. నా పైన మేనేజరు ఒకాయన ఉండేవారు, నెల్లూరు నుంచి అప్పుడప్పుడు వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవారు. నా కింద డైయింగ్ మాస్టరు మస్తానయ్య, ఆయన కింద తొట్ల దగ్గర పనిచేసే మనుషులు. రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఇలాంటి మూలకు వేస్తే చాలామంది మొహం ముడుచుకుంటారు. నేను వెళ్ళి చూసిన రోజే సంతోషించాను. నాకిచ్చిన గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది.

ఈ పని తెలియనివారికి ఉత్తరపు కిటికీ సంగతి చెప్పాలి. రంగును ఎండలో చూడకూడదు, దీపం కింద అసలే చూడకూడదు. ఒకే చీర ట్యూబులైటు కింద ఒక రంగు, వీధిలోకి పోతే ఇంకో రంగు. ఉత్తరం నుంచి వచ్చే వెలుతురు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు కనుక, అద్దిన గుడ్డను నమూనా పక్కన పెట్టి అక్కడే తీర్పు చెప్పాలి. ట్యూబులైటు కింద నిలబడి "కొంచెం డార్క్ అయినట్టుంది మేడం" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎంత పెద్దవాళ్ళయినా సరే, చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయేదాన్ని.

మా దగ్గర ప్రతి రంగుకూ ఒక నంబరు ఉండేది. రంగు ముక్కలను వరుసగా అతికించిన అట్టను షేడ్ కార్డు అంటాం. పద్ధతి ప్రకారం ఆర్డరు నంబరు మీదే తీసుకోవాలి. కానీ తొట్ల దగ్గర నంబర్లు ఎవరి నోటా పలికేవి కావు. మెంతి రంగు, ఉల్లిపొర రంగు, బచ్చలిపండు, నెమలికంఠం, వంకాయ, పాచి రంగు, చిలకపచ్చ. మస్తానయ్య "ఉల్లిపొరలో రొంత ఇటుక కలిసింది మేడం" అంటే, ఏ రంగు పొడి ఎంత ఎక్కువైందో నాకు వెంటనే అర్థమయ్యేది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు వచ్చాక ఈ పేర్లు వెనకబడ్డాయి. పీచ్ అనీ, పేస్టల్ అనీ, ఇంకేదో అనీ ఫోనులో బొమ్మ చూపించి అదే కావాలనేవారు. ఫోను ఫోనుకూ రంగు మారుతుందని చెబితే నన్ను పాతకాలపు మనిషిని చూసినట్టు చూసేవారు. అలా అడిగి చేయించుకున్న లేతరంగు చీరల్ని చూసి వాళ్ళ అమ్మమ్మలు మాత్రం "ఇది కొత్తదా, ఉతికి ఉతికి వెలిసిపోయిందా?" అనేవారు. ఆ అమ్మమ్మల పక్షమే నేనూ.

మా అసలు పని మగ్గాలకు పోయే నూలుకు రంగు వేయడం. వేసవిలో నూలు పని తగ్గుతుంది కనుక బయటి ఆర్డర్లు తీసుకునేవాళ్ళం. తెల్లగా నేసిన నూలు చీరలు సంఘాల దగ్గర ఉంటాయి, అంచున సన్నని జరీ గీత తప్ప వేరే అలంకారం ఉండదు. పెళ్ళివారు వాటిని కొని, అందరికీ ఒకే రంగు వేయించుకునేవారు. ఆడవాళ్ళంతా ఒకే రంగు కట్టడం అప్పుడప్పుడే మా తీరానికి కూడా వచ్చింది. వేసవిలో సముద్రం మీద వేట నిషేధం ఉంటుంది. పడవలు ఒడ్డెక్కుతాయి, మగవాళ్ళు ఇళ్ళ దగ్గరుంటారు, మత్స్యకారుల ఊళ్ళలో పెళ్ళిళ్ళు చాలావరకు అప్పుడే చేస్తారు. అందుకని మాకు అడిగినవాళ్ళకల్లా ఒప్పుకోలేనంత పని ఉండేది.

ఆ వైశాఖంలో వచ్చిన ఆర్డరు గురించే ఇదంతా. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి రమణమ్మ అనే ఆవిడ వచ్చింది. సొంత పడవ ఉన్న ఇల్లు, గట్టి గొంతు, చేతుల నిండా గాజులు. ఆవిడ కొడుకు పెళ్ళి. పెళ్ళికి ముందు రోజు పెట్టే నలుగును ఇప్పుడు హల్దీ అంటున్నారనీ, ఆ రోజు రెండు వైపుల ఆడవాళ్ళూ ఒకే రంగు కట్టాలని ఫొటోలవాడు చెప్పాడనీ, తాను వియ్యపురాలికి కూడా ఫోను చేసి ఒప్పించాననీ చెప్పింది.

"అందరికీ పచ్చే మేడం. పెళ్ళికూతురోళ్ళమ్మ, మా వదిన కూడా పచ్చయితే భలేగుంటది అనింది."

అంటూనే షేడ్ కార్డు మీద వేలు పెట్టింది. పసుపుకొమ్ము రంగు. నంబరు రాసుకుని సంతకం తీసుకున్నాం. ఆ ప్రాంతపు ఆడవాళ్ళు పసుపు రంగు చీరను పచ్చచీర అనడం నాకు కొత్త కాదు, మా అమ్మా అలాగే అనేది. రంగు బాగా పండింది. మగపెళ్ళివారి మూటను రమణమ్మ మనుషులు ముందే వచ్చి తీసుకుపోయారు. ఆడపెళ్ళివారి మూటను వాళ్ళే వచ్చి తీసుకుంటారని చెప్పి వెళ్ళారు.

పెళ్ళి ఆ వారంలోనే ఉందనగా పెళ్ళికూతురి తల్లి వచ్చింది. పేరు చెంగమ్మ. సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున వాళ్ళ ఊరు. సరస్సులో దొరికే రొయ్యలూ చేపలూ తట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మి ఒక్కగానొక్క కూతుర్ని చదివించుకున్న మనిషి. పాసింజరు బండి దిగి, ఎండలో నడిచి వచ్చింది. మెడలో తాళి లేదు, నుదుట విభూతి గీత ఉంది. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాను. తాగుతూ తనంతట తనే మాట్లాడసాగింది.

"మా ఆయన పోయినాక ఏ శుభకార్యానికీ నేను ముందుకు పోయింది లేదమ్మా. ఎనక వంటల కాడ ఉండేదాన్ని. ఈసారి మా వదిన రమణమ్మ అందరం పచ్చ కడదాం అనింది. అందరితో బాటు నేనూ కట్టుకోవచ్చు గదా అని నాకు ఒకటే సంబరం."

నాకు ఆశ్చర్యమైంది. భర్త పోయిన మనిషి నలుగు నాడు పసుపు చీర కట్టడమంటే చిన్న విషయం కాదు. ఊళ్ళు మారుతున్నాయే అనుకుని, నిజంగానే ముచ్చటపడ్డాను. మస్తానయ్య మూట తెచ్చి ముందు పెట్టి ముడి విప్పాడు.

ఆవిడ చూసింది. పై చీర తీసి కింది చీర చూసింది. దాని కిందిదీ చూసింది. మూట మారిపోయిందేమోనని మస్తానయ్య వైపు చూసింది.

"పచ్చ అన్నారు గదన్నా."

"ఇదే గదమ్మా పచ్చ" అన్నాడు మస్తానయ్య.

"ఇది పసుపు గదన్నా! పచ్చంటే చెట్టాకు మాదిరి ఉండేది గదా."

నాకు విషయం పూర్తిగా అర్థమైపోయింది. మన భాషలో పచ్చకామెర్లు అంటే ఒళ్ళు పసుపురంగుకు తిరగడం, పచ్చగడ్డి అంటే ఆకురంగు గడ్డి. రెంటికీ ఒకటే మాట. అయితే బోగోలు వైపు ఆడవాళ్ళకు చీర విషయంలో పచ్చంటే పసుపే. సూళ్లూరుపేట వైపు పోతే అరవం కలుస్తుంది. అరవంలో పచ్చంటే ఆకుపచ్చ తప్ప ఇంకోటి కాదు కాబట్టి అక్కడివాళ్ళ తెలుగులోనూ అదే అర్థం స్థిరపడింది. వియ్యపురాళ్ళిద్దరూ ఫోనులో ఒకే మాట అనుకుని, సంతోషంగా ఒప్పుకుని, చెరొక రంగును మనసులో పెట్టుకున్నారు. ఎవరి తప్పూ లేదు. నా షేడ్ కార్డు సరిగ్గా ఉంది, నంబరు సరిగ్గా ఉంది, అద్దకం సరిగ్గా ఉంది. కానీ పసుపు చీర కట్టుకునే వీలు లేనిది ఆవిడ ఒక్కతికే; వాళ్ళ ఊళ్ళో ఆకుపచ్చకు ఆ పట్టింపు లేదు.

చెంగమ్మ ఏడవలేదు. చీరలు మళ్ళీ మడతలు పెట్టసాగింది.

"పోనీలేమ్మా. పిలకాయలూ మిగతావోళ్ళూ కట్టుకుంటారు. నేను ఎప్పట్లాగే ఎనక నిలబడతా."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఆ ఆచారం మీద. కూతుర్ని కన్నదీ పెంచిందీ నువ్వైతే పసుపు కట్టడానికి నీకెవరి అనుమతి కావాలి, కట్టుకో, ఎవరేమంటారో చూద్దాం అన్నాను. ఆవిడ నా వైపు ఓపికగా చూసింది.

"మీరు చెప్పేది బాగానే ఉండాది. మీరు ఆ రోజు ఈడే ఉంటారు. మా ఊళ్ళో ఉండాల్సింది నేను గదమ్మా. నేను కట్టినాక రేపు ఆ పిల్లకి కాలు నొచ్చినా నా చీరనే అంటారు."

ఇక మనకు తెలిసిన పని చూడటం మంచిది. నాకు తెలిసింది రంగులు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ అవుతుంది, ఇది బడిపిల్లలకూ తెలుసు. పద్ధతిలో దీన్ని టాపింగ్ అంటాం, అద్దిన రంగు మీద ఇంకో రంగు వేయడం. చేయగలమా అంటే చేయగలం. కానీ చిక్కులున్నాయి. మొదటిది, ఆర్డరు రమణమ్మ పేర ఉంది, ఆవిడ ఒప్పుకోకుండా రంగు మార్చే అధికారం నాకు లేదు. రెండోది, జరీ. రంగు గుడ్డకు పట్టాలంటే సోడా నీళ్ళలో నాననివ్వాలి. రెండోసారి సోడాలో పడితే జరీ నల్లబడవచ్చు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పసుపును ఆకుపచ్చ చేయవచ్చు, ఆకుపచ్చను మళ్ళీ పసుపు చేయలేం. ఒకసారి నీలం తొట్లో దింపాక వెనక్కి రావడం ఉండదు.

రమణమ్మకు ఫోను చేయబోతుంటే చెంగమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకోసం అని చెప్పబాకండమ్మా. పెళ్ళి కాకముందే మా వదినకు నా మూలాన ఇబ్బంది ఎందుకు?" అంది. సరేనన్నాను. అందువల్ల నేను ఫోనులో చెప్పగలిగింది ఒక్కటే: మాట ఒకటే అయినా ఆడపెళ్ళివారు ఆకుపచ్చ అనుకున్నారట, వాళ్ళ చీరలు మార్చమంటారా అని. అవతల గొంతు లేచింది.

"రంగుల ఆఫీసు పెట్టుకోని పచ్చంటే తెలవదా మేడం మీకు? హల్దీకి ఆకురంగు ఎవురు కడతారు? నలుగంటేనే పసుపు గదా! సగం మంది ఒక రంగు, సగం మంది ఇంకో రంగు కట్టుకోని వస్తే మా వాళ్ళు ఏమనుకుంటారు? ఆడపెళ్ళివోళ్ళు పంతానికి పోయినారంటారు. ఇయ్యాళ చీర కాడ మాట తప్పినోళ్ళు రేపు ఇంకో కాడ తప్పరా?"

ఆవిడ అన్నదాంట్లోనూ న్యాయముంది. రెండు కుటుంబాలు తొలిసారి పదిమందిలో కలిసి నిలబడే సందర్భం అది. స్పీకరు వేయకపోయినా ఆ గొంతు గదంతా వినిపించింది. "మాట తప్పినోళ్ళు" అన్నమాట చెంగమ్మ చెవిన పడింది. అప్పటిదాకా వద్దు వద్దన్న మనిషి లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"వదినా, నేను చెంగమ్మని. మాట తప్పలేదు వదినా. నువ్వు పచ్చ అంటే ఆకుపచ్చ అనుకున్యా. నేనూ కట్టుకోవచ్చని ఆశపడినా. అంతే వదినా."

లైను తెగిందేమోనని చెంగమ్మ ఫోను చెవి నుంచి తీసి చూసింది. మళ్ళీ పెట్టుకుంది. కాసేపటికి "ఊ" అంది, "ఊ" అంది, ఫోను నాకిచ్చింది. రమణమ్మ గొంతు ఈసారి తగ్గి ఉంది.

"మేడం, వాళ్ళయి ఆకుపచ్చ చేసెయ్యండి. నాకు తట్టనే లేదు చూడండి, పాపం, ఆమెకు పసుపెట్టా కుదురుద్ది? మాయీ పచ్చే, వాళ్ళయీ పచ్చే. మాట తప్పినోళ్ళు ఎవురూ లేరు."

ఆ పైన "ఆ ఫొటోలోడికి నేను చెప్పుకుంటాలే" అంది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. నలభై ఏళ్ళకు దగ్గరగా రంగుల మధ్య ఉన్నాను, ఒక మాటను అంత అందంగా వాడినవాళ్ళను చూడలేదు. రమణమ్మ నోటిమాట మీద ఒప్పుకుందని మస్తానయ్య సాక్షిగా రాసి, సంతకం తర్వాత తీసుకున్నాం.

ఇక పని. ముందు ఒక చీర మీద పరీక్ష చేయాలి. ఏ చీర అంటే చెంగమ్మ తన చీర ఇచ్చింది. "నాది ముందు వెయ్యండి. చెడిపోతే నాదొక్కటే పోద్ది" అంది. చెడిపోతే ఆవిడకు వేరే చీర లేదు, తెల్ల చీరల నిల్వ అప్పటికే అయిపోయింది. ఆ సంగతి చెప్పినా ఆవిడ వెనక్కి తగ్గలేదు.

చల్లనీళ్ళలో పట్టే నీలం తీసుకున్నాం, వేడి తగలకపోతే జరీకి కాస్త మేలు. చీర బరువు తూచి, దానికి తగినంత పొడి కలిపాం. పసుపు అడుగున ఉంది కనుక నీలం అనుకున్నదానికన్నా తక్కువ వేయాలి. ఎక్కువైతే చిలకపచ్చ పోయి పాచి రంగు వస్తుంది. ఉప్పు కొంచెం కొంచెంగా వేస్తూ మస్తానయ్య చీరను తిప్పుతూనే ఉన్నాడు. మొదట మచ్చలు మచ్చలుగా కనబడింది. చెంగమ్మ తొట్టి పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తడి గుడ్డ రంగును చూసి ఏమీ అనకూడదని ఆవిడకు చెప్పాను. నిజానికి ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. సోడా పడ్డాక మచ్చలు కలిసిపోయాయి. జాడించి, సబ్బునీళ్ళలో ఉతికి, నీడలో ఆరేశాం.

ఆరాక మస్తానయ్య చీరను తెచ్చి ఉత్తరపు కిటికీ దగ్గర పరిచాడు. వరి నారు మొదటిసారి నిలదొక్కుకున్నప్పుడు ఉండే రంగు. నీలానికి లొంగకుండా అడుగునున్న పసుపు లోపలి నుంచి కొద్దిగా తెలుస్తూనే ఉంది. జరీ ఒక పిసరు మందగించింది, కొత్తగా చూసేవాళ్ళకు తెలియదు. చెంగమ్మ దాన్ని భుజం మీద వేసుకుని కిటికీ వైపు తిరిగింది. "ఇది గదమ్మా పచ్చ" అంది. ఆ తర్వాత ఏడ్చింది. మస్తానయ్య తొట్టి కడిగే పని ఉన్నట్టు అవతలికి పోయాడు.

మిగతా చీరలకు ఆ మర్నాడంతా పట్టింది. ఆడపెళ్ళివారి తరఫున మనిషి వచ్చి మూట తీసుకుపోయాడు. పెళ్ళయ్యాక రమణమ్మ సంతకం పెట్టడానికి వచ్చి తన ఫోనులో ఫొటో చూపించింది. నడుమ పెళ్ళికూతురు. ఆమెకు ఒక వైపు పసుపు చీరలు, ఒక వైపు ఆకుపచ్చ చీరలు. ఎవరో చెప్పి నిలబెట్టినట్టు రెండు రంగులూ సరిగ్గా పిల్ల దగ్గర కలిశాయి. పసుపు వరసలో మొదట రమణమ్మ, ఆకుపచ్చ వరసలో మొదట చెంగమ్మ. వంటల దగ్గర ఎవరున్నారో ఫొటోలో కనబడలేదు.

"ఫొటోలోడు ఏమన్నాడు?" అని అడిగాను.

"ముందు మొహం మాడ్చుకున్నాడు. తరవాత ఇదే బాగుందని వాడి ఫోనులో స్టేటస్ పెట్టుకున్నాడు" అంది రమణమ్మ.

ఆ వచ్చే మాఘంలో నెల్లూరు నుంచి ఒక బట్టల షాపు యజమాని మా కేంద్రానికి వచ్చారు. హల్దీకి రెండు రంగుల సెట్టు కావాలన్నారు, ఒక వైపు వారికి పసుపు, రెండో వైపు వారికి ఆకుపచ్చ. "ఇప్పుడిదే ట్రెండు మేడం, బొంబాయి నుంచి వచ్చింది" అని నాకు వివరించారు. నేనూ మస్తానయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బొంబాయి నుంచి వచ్చిందేమో, నాకేం తెలుసు? ఎవరు కడతారండీ అని మాత్రం అడిగాను.

"అదే మేడం దీంట్లో సుళువు. ఏదో ఒక రంగు ఎవరైనా కట్టుకోవచ్చు" అన్నారు.

తరువాత లాక్‌డౌన్ వచ్చింది. కేంద్రం సగం రోజులు మూతబడి ఉండగానే నేను రిటైరయ్యాను. ఇప్పుడు రంగులు కలపడానికి యంత్రాలున్నాయట, నమూనా ముక్క చూపిస్తే పాళ్ళు అదే చెబుతుందట. మంచిదే. ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో సామాన్లు వేశారని విన్నాను. అది మాత్రం బాధగానే ఉంది. ఆ వెలుతురులో కూర్చుని ఉల్లిపొరకూ ఇటుకకూ తేడా గురించి మస్తానయ్యతో వాదించిన మధ్యాహ్నాలు మళ్ళీ రావు.

ఆ ఆర్డరు తర్వాత నేను పనిచేసినంత కాలం ఒక పద్ధతి పాటించాను, నా తర్వాత వచ్చిన ఆఫీసరుకూ అదే చెప్పి వచ్చాను. రంగు పేరు నమ్మవద్దు, ముక్క చూపించి అడగాలి. ముక్క చూపించాక కూడా ఆగవద్దు, అది ఎవరెవరు కట్టుకుంటారో అడగాలి. వాళ్ళలో ఎవరైనా కట్టుకోలేని వారుంటే నీలం కలపకముందే తెలుసుకోవాలి. ఎందుకంటే పసుపు నుంచి ఆకుపచ్చకు పోవచ్చు, తిరిగి రాలేం.